హమ్ పోవాలని ఎర్త్ పీకేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ ఉత్తరం కొంచెం పొడుగే అవుతుంది, అయినా వీలైనంత వరకు కోసేయకుండా వేయమని ముందే అడుగుతున్నాను. విషయం ఏంటంటే, ఇంట్లో సొంతంగా వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం) హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్లు కట్టుకునే కుర్రాళ్లు మన ఊళ్లలో కూడా కనిపిస్తున్నారు. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో, నెల్లూరు వైపు వాళ్లైతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో తిరిగి పార్టులు కొనుక్కుని, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ చేయించుకుని చాలా ఇష్టంగా కడుతున్నారు, అది చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ ఆ ఆంప్ ఆన్ చేయగానే చెవుల్లో గుంయ్‌మని హమ్ వస్తుంది, సొంతంగా కట్టినవాటిలో చాలావాటికి మొదట్లో వస్తుంది, అప్పుడు ఒకరికొకరు చెప్పుకునే మొట్టమొదటి సలహా ఏంటంటే "ఎర్త్ తీసేయ్, పోతుంది" అని. త్రీ పిన్ ప్లగ్గులో పైన ఉండే లావు పిన్ను పీకేయడం, లేదా లోపల పచ్చ వైరు కట్ చేసి టేపు చుట్టేయడం. ఈ సలహా మనుషుల్ని చంపే సలహా. దీని గురించే రాస్తున్నాను.

ఎర్త్ తీసేస్తే చాలాసార్లు హమ్ నిజంగానే తగ్గుతుంది, అందుకే ఈ మాట ఇంతకాలం బతికుంది. కానీ ఆ డబ్బాలో ఏముందో ఒక్కసారి ఆలోచించండి. 230 వోల్టుల మెయిన్సు లోపలికి వస్తోంది, ట్రాన్స్‌ఫార్మర్ అవతల 200 నుంచి 300 వోల్టుల డీసీ ఉంది, దాని అవతలి కొసని మనం తలకి తగిలించుకుంటున్నాం. స్పీకరైతే గది మూలలో ఉంటుంది, మనం దాన్ని ముట్టుకోం. హెడ్‌ఫోన్ అలా కాదు కదా, హెడ్‌ఫోన్ జాక్ స్లీవు (మొదట్లో ఉండే లోహపు భాగం) సాధారణంగా గ్రౌండుకే, అంటే చాలా డబ్బాల్లో చాసీకే (లోహపు డబ్బాకే) కలిసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఇన్సులేషన్ దెబ్బతిన్నా, స్విచ్ దగ్గర ఫేజు వైరు ఊడి రేకుకి తగిలినా, ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ క్షణంలోనే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏమీ జరగదు, ఆంప్ మామూలుగానే పాడుతూ ఉంటుంది, కాకపోతే చాసీ మొత్తం ఫేజులో ఉంటుంది. అలాంటప్పుడు తలకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక చేత్తో కంప్యూటర్ క్యాబినెట్టో, ఇనప కిటికీ ఊచో ముట్టుకున్నామంటే కరెంటు గుండె మీదుగా పోతుంది.

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడు తన ఆంప్ పట్టుకొచ్చాడు. ముందు ఒక ఈసీసీ82 వాల్వు, వెనక ఒక 6080 వాల్వు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని డిజైను, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్. పౌడర్ కోటింగ్ వేయించిన అల్యూమినియం డబ్బా, పైన అందంగా తయారుచేశాడు, సోల్డరింగ్ కూడా బాగుంది. "ఎర్త్ కట్ చేస్తే సగం పోయింది అంకుల్, మిగతా సగం ఎలా పోగొట్టాలి" అని అడిగాడు. ఆ మాటలోనే జవాబు ఉంది, చూడండి. సగం పోయింది అంటే అక్కడ రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి, ఎర్త్ కట్ చేయడం వల్ల ఒకటి కప్పబడిపోయింది, రెండోదానికి ఎర్త్‌తో సంబంధమే లేదు. ముందు ప్లగ్గు మార్చి ఎర్త్ మళ్లీ కలిపి, చాసీకి ఎర్త్ బోల్టు వేసిన చోట పెయింటు గీకి మెరిసే లోహం కనపడేలా చేసి, క్రింప్ చేసిన లగ్గు, స్టార్ వాషరు వేసి బిగించి, ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ చాసీకీ మధ్య మీటరు పెట్టి ఒక ఓమ్ కంటే తక్కువ వచ్చాకే పని మొదలుపెట్టాం. పౌడర్ కోటింగ్ మీద బోల్టు బిగిస్తే ఎర్త్ ఉన్నట్టు కనపడుతుంది, మీటరు పెడితే అసలు కంటాక్టే ఉండదు, ఇది చాలామంది చూసుకోరు.

హమ్ ఎక్కడి నుంచి వస్తోందో దాని గొంతే చెబుతుంది. మన దేశంలో మెయిన్సు 50 హెర్ట్జ్. వాల్వుని వేడిచేసే హీటర్ల ఏసీ, సిగ్నల్ వెళ్లే గ్రిడ్డులోకి పాకినా, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ఏ వైరులోకో, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకో దూరినా, కేబుల్ గ్రౌండు తెగి గాల్లోంచి లాక్కున్నా ఎక్కువగా 50 వినపడుతుంది, మెత్తగా లోతుగా ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తర్వాత మిగిలిన రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఎగుడుదిగుడు) అయితే 100 హెర్ట్జ్, ఇంకొంచెం స్పష్టంగా వినపడుతుంది. జుర్‌ర్ర్‌మని ముళ్లున్నట్టు ఉంటే 100, 200, 300 అన్నీ కలిసి ఉన్నట్టు, అది సాధారణంగా కెపాసిటర్ ఛార్జింగ్ కరెంటు తప్పుడు దారిలో పోతున్నట్టు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లు ఫ్రీగానే దొరుకుతాయి, హెడ్‌ఫోన్ కప్పుని ఫోన్ మైకు దగ్గర పెడితే గీత ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది, ఫోన్ మైకులు 50 దగ్గర కొంచెం చెవిటివి గానీ 100 బాగానే పట్టుకుంటాయి.

సంగీతం వినేవాళ్లకి యాప్ కూడా అక్కర్లేదు. 100 హెర్ట్జ్ అంటే మన ఐదు శ్రుతికి దగ్గరగా, కొంచెం పైన ఉంటుంది. ఐదు శ్రుతి కింది షడ్జం 98 హెర్ట్జ్. గాయనీమణులు చాలామంది ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు కాబట్టి ఐదు శ్రుతి కచేరీ రికార్డింగు పెట్టుకుని వింటే తంబుర కింది తీగకీ ఈ హమ్‌కీ తేడా రెండు హెర్ట్జ్, అంటే సెకనుకి రెండుసార్లు శబ్దం ఊగుతుంది, తంబుర సరిగ్గా శ్రుతి చేయలేదేమో అనిపిస్తుంది. ఆలాపన మొదట్లో ఆ నిశ్శబ్దంలో ఇది భరించలేం. సినిమా పాటలు వినేవాళ్లకి పట్టనంత చిన్న హమ్ కూడా వీణ, వేణువు వినేవాళ్లని పిచ్చెక్కిస్తుంది, అందుకే హమ్ పోగొట్టాలనే తాపత్రయాన్ని నేను అస్సలు తప్పు పట్టను, దారి మాత్రమే తప్పు అంటున్నాను.

స్పీకరు ఆంప్‌లో లెక్కలోకి రాని హమ్ హెడ్‌ఫోన్‌లో ఎందుకంత వినపడుతుందో కూడా చెప్పాలి. ఒక వోల్టుకి 103 డెసిబెల్ ఇచ్చే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసుకుంటే, ఒక మిల్లీవోల్టు హమ్‌కి 43 డెసిబెల్ వస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర మంచి చెవికి వినిపించే కనీస మట్టం సుమారు 27 డెసిబెల్, అంటే నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ ఒక్క మిల్లీవోల్టు వినపడుతుంది. అదే 16 ఓమ్‌ల చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ మిల్లీవాట్‌కి 110 డెసిబెల్ ఇచ్చేదైతే అదే మిల్లీవోల్టుకి 68 డెసిబెల్, మామూలుగా మాట్లాడుకునే మాటల కంటే ఎక్కువ. కాబట్టి "నా ఆంప్‌లో హమ్ ఉంది" అనేవాళ్లని ముందు ఏ హెడ్‌ఫోన్ వాడుతున్నావు అని అడగాలి, సెన్సిటివ్ ఇయర్‌ఫోన్ పెట్టి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు ఆంప్‌ని తిట్టడం న్యాయం కాదు.

ఇక వెతకడం. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వినాలి. హమ్ వాల్యూమ్‌తో పాటు తగ్గిపోతే జబ్బు వాల్యూమ్ కంట్రోలుకి ముందు ఉంది, అంటే ల్యాప్‌టాప్, కేబుల్, గ్రౌండ్ లూపు. ఎంత తిప్పినా అలాగే ఉంటే దాని తర్వాత ఉంది, పవర్ సప్లై, హీటర్లు, లోపలి వైరింగు. ఇంకో రకం ఉంది, సున్నాలో లేదు, ఫుల్‌లో లేదు, మధ్యలో మాత్రం పెరుగుతుంది, అదైతే గ్రిడ్డు వైరు పక్కనున్న ఏసీ వైరు నుంచి లాక్కుంటోందని అర్థం, ఎందుకంటే పొటెన్షియోమీటరు (వాల్యూమ్ కంట్రోలు, పాట్ అంటాం) మధ్యలో ఉన్నప్పుడే దాని ఇంపెడెన్సు అన్నిటికంటే ఎక్కువ, 100 కిలో ఓమ్‌ల పాట్ అయితే 25 కిలో దాకా వెళ్తుంది. నాబ్ షాఫ్ట్ ముట్టుకుంటే హమ్ మారుతుంటే పాట్ మెటల్ బాడీ గ్రౌండుకి కలపలేదని. ఇంతవరకు డబ్బా విప్పాల్సిన పనే లేదు చూడండి.

ఆ అబ్బాయి ఆంప్ ల్యాప్‌టాప్‌కి కలిపి ఉంది, ల్యాప్‌టాప్ త్రీ పిన్ ఛార్జరు మీద ఉంది. ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపించమన్నాను, ఒక రకం హమ్ టక్కున ఆగిపోయింది. అదే గ్రౌండ్ లూపు. ఆంప్‌కి ఒక ఎర్త్ ఉంది, ఛార్జరు ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇంకో ఎర్త్ ఉంది, ఆడియో కేబుల్ షీల్డు రెండింటినీ కలుపుతోంది, అది ఒక చుట్టు అయిపోయి ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది. వాడు ఎర్త్ కట్ చేసినప్పుడు తెగింది ఈ చుట్టే. కానీ ఈ చుట్టుని తెంచడానికి ప్రాణం కాపాడే వైరునే తెంచక్కర్లేదు. చాసీని ఎర్త్‌కి గట్టిగా బోల్టు చేసి అలాగే ఉంచాలి, దాన్ని ముట్టుకోకూడదు. లోపలి సిగ్నల్ గ్రౌండుని మాత్రం చాసీకి నేరుగా కాకుండా ఒక 10 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా కలపాలి, దానికి అడ్డంగా ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఇంకా 25 లేదా 35 ఆంప్‌ల బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టాలి, బ్రిడ్జి ప్లస్ మైనస్ రెండూ షార్ట్ చేసి ఏసీ కాళ్లు రెండిటినీ రెసిస్టరుకి రెండు వైపులా కలిపితే అటూ ఇటూ డయోడ్లు వస్తాయి. లూపు వోల్టేజి మిల్లీవోల్టుల్లో ఉంటుంది కాబట్టి 10 ఓమ్‌లు ఆ కరెంటుని అణిచేస్తాయి, పొరపాటున పెద్ద వోల్టేజి వస్తే డయోడ్లు తెరుచుకుని మొత్తం కరెంటుని ఎర్త్‌కి పంపించేస్తాయి, ఫ్యూజు పోతుంది, మనిషి బతుకుతాడు. ఇలా చేసినప్పుడు ఇన్‌పుట్ జాకులు, హెడ్‌ఫోన్ జాకు చాసీకి తగలకుండా ప్లాస్టిక్ వాషర్లతో బిగించాలి, లేకపోతే ఈ రెసిస్టరు పెట్టి ఉపయోగం లేదు. ఇదంతా వద్దనుకుంటే ఇన్‌పుట్‌లో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకోవచ్చు, కంప్యూటరు గ్రౌండు అసలు ఇటు రానే రాదు.

మిగిలిన సగం జుర్‌ర్‌మనే రకం. ఇన్‌పుట్ షార్ట్ చేసినా, ల్యాప్‌టాప్ తీసేసినా పోలేదు. ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో చూసుకుని డబ్బా తిరగేశాం. ఈ మాట మళ్లీ చెప్తున్నాను, మీటరుతో చూసుకుని. ప్లగ్గు పీకేసినా 200 వోల్టులు కెపాసిటర్లలో నిమిషాల తరబడి ఉండిపోవచ్చు, అందుకే ప్రతి ఆంప్‌లో ఒక 220 కిలో ఓమ్, 2 వాట్ల బ్లీడరు రెసిస్టరు (కెపాసిటర్లని దానంతటదే ఖాళీ చేసేది) పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేయడం పాత మెకానిక్కులు కొందరు చేసేవారు, అది వద్దు, 10 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టరు ఇన్సులేషన్ ఉన్న వైర్లకి కట్టుకుని దాంతో ఖాళీ చేయాలి.

లోపల చూస్తే విషయం ఇది. పవర్ సప్లై బ్రిడ్జి రెక్టిఫయర్ మైనస్ నుంచి నల్ల వైరు నేరుగా ముందున్న ఇన్‌పుట్ జాకు దగ్గర స్టార్ గ్రౌండుకి (గ్రౌండు వైర్లన్నీ కలిసే ఒకే చోటుకి) వెళ్లింది, అక్కడ నుంచి ఇంకో వైరు వెనక్కి వచ్చి మొదటి ఫిల్టర్ కెపాసిటరు మైనస్‌కి చేరింది. పుస్తకంలో "అన్నీ స్టార్‌కి కలపాలి" అని చదివాడు, అన్నీ కలిపాడు. కానీ బ్రిడ్జికీ మొదటి కెపాసిటరుకీ మధ్య పోయే కరెంటు మామూలు డీసీ కాదు, సెకనుకి 100 సార్లు కొట్టే పొట్టి దెబ్బలు, సగటు 70 మిల్లీ ఆంప్‌లే అయినా ఒక్కో దెబ్బ శిఖరం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పది సెంటీమీటర్ల సన్న వైరుకి నాలుగైదు మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్సు ఉంటుందనుకున్నా, పావు ఆంప్ దెబ్బకి ఒక మిల్లీవోల్టు పుడుతుంది, అది ఇన్‌పుట్ గ్రౌండు మీదే పుడితే ఈసీసీ82 దాన్ని పది పదిహేను రెట్లు పెంచి చెవిలో పోస్తుంది. చేయాల్సింది చిన్న పనే, బ్రిడ్జి మైనస్‌ని ముందు మొదటి కెపాసిటరు మైనస్ కాలు మీదే సోల్డర్ చేయాలి, ఆ కాలు నుంచి రెండో కెపాసిటరుకి, అక్కడి నుంచి స్టార్‌కి ఒకే ఒక్క వైరు. ఆ ఒక్క వైరు మార్చాక ఆన్ చేస్తే జుర్‌ర్ శబ్దం లేదు, వాడు ఆంప్ ఆన్ అయిందా లేదా అని వాల్వుల్లో ఎర్ర వెలుగు చూసుకున్నాడు.

ఫిల్టరు చాలకపోయినా హమ్ వస్తుంది, కానీ కెపాసిటర్లు ఊరికే పెద్దవి పెట్టేయడం కంటే లెక్క వేసుకోవడం మంచిది. 70 మిల్లీ ఆంప్‌ల లోడుకి మొదటి కెపాసిటరు 220 మైక్రోఫారడ్ అయితే రిపుల్ సుమారు 3 వోల్టులు. తర్వాత 270 ఓమ్, ఇంకో 220 మైక్రోఫారడ్ పెడితే దాదాపు 37 రెట్లు తగ్గి 85 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తుంది, అలాంటిదే ఇంకో మెట్టు పెడితే రెండు మిల్లీవోల్టుల పైచిలుకు. ఒక్కో 270 ఓమ్‌లో 19 వోల్టులు పోతాయి, అది ట్రాన్స్‌ఫార్మరు చెప్పేటప్పుడే లెక్కలో పెట్టుకోవాలి. పాత రేడియో కండెన్సర్లు, అంటే ఎప్పుడో తీసి డబ్బాలో పెట్టిన ఎలెక్ట్రోలిటిక్‌లు వాడకండి, అవి ఎండిపోయి పేరుకి 220 ఉంటాయి, లోపల అంత ఉండదు, కొన్ని లీకై వేడెక్కి పగులుతాయి కూడా.

హీటర్లది వేరే కథ. 6080కి 6.3 వోల్టుల దగ్గర రెండున్నర ఆంప్‌ల ఏసీ పోతుంది, ఆ రెండు వైర్లనీ గట్టిగా మెలేసి చాసీ మూలకి ఆనించి తీసుకెళ్లాలి, గ్రిడ్డు వైరుకి దూరంగా, తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. హీటరు వైండింగుని ఏ గ్రౌండుకీ కలపకుండా తేలుతూ వదిలేయడం చాలామంది చేసే పని, హమ్ వచ్చి తీరుతుంది. సెంటర్ ట్యాప్ లేకపోతే రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు అటొకటి ఇటొకటి పెట్టి మధ్య పాయింటు గ్రౌండుకి కలపాలి, ఇంకా బాగుండాలంటే ఆ మధ్య పాయింటుని గ్రౌండుకి కాకుండా 40 వోల్టుల ప్లస్ డీసీకి కలపాలి, హెచ్‌టీ (వాల్వులకిచ్చే పెద్ద వోల్టేజి డీసీ) 250 వోల్టులుంటే 220 కిలో, 47 కిలో డివైడరుతో 44 వోల్టులు వస్తాయి, దానికి ఒక చిన్న కెపాసిటరు. అప్పుడు హీటరు నుంచి క్యాథోడుకి లీకయ్యే కరెంటు ఆగిపోతుంది. అసలు హమ్ హీటరుదేనా అని తేల్చుకోవడానికి మనిళ్లలోనే మంచి పరికరం ఉంది, కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీ. ఈసీసీ82కి 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు, 150 మిల్లీ ఆంప్‌లు చాలు. ఏసీ వైర్లు ఊడదీసి బ్యాటరీ మైనస్‌ని గ్రౌండుకి కలిపి దాని మీద నడిపించి చూడండి, హమ్ పోతే దొంగ దొరికినట్టే. ఈసీసీ88 మాత్రం 6.3 వోల్టుల వాల్వు, దానికి 6 వోల్టుల ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ వాడాలి, 12 పెడితే కాలిపోతుంది. రెండింటికీ తొమ్మిదో పిన్ను పని వేరు, ఈసీసీ82లో అది హీటరు మధ్య, ఈసీసీ88లో షీల్డు, కాబట్టి ఒకదాని సాకెట్లో ఇంకోటి గుచ్చకండి.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లున్న ఆంప్ అయితే ఇంకో మంచి ఉపాయం. డ్రిల్లింగు చేయకముందే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటిచ్చి, సెకండరీ కొసలు ఒకదానికొకటి తగలకుండా ఇన్సులేట్ చేసి, హెడ్‌ఫోన్‌ని ఏ సర్క్యూటూ లేకుండా ఒట్టి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి కలిపి వినండి. హమ్ వినపడుతుంది. ఆ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక కోణంలో దాదాపు మాయమైపోతుంది, అక్కడే గుర్తు పెట్టుకుని బిగించాలి. మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెడితే లాభం ఉండదు, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం దాన్ని లెక్కచేయదు, దూరం, కోణం మార్చడమే సులువైన దారి. ఈ పని చేసేటప్పుడు మెయిన్స్ కొసలు టేపు కాదు, సరైన టెర్మినల్ బ్లాకులో ఉండాలి.

మిగతా శబ్దాలు త్వరగా చెప్పేస్తాను. నాబ్ తిప్పితే కరకరమంటే దాని మీద డీసీ వచ్చి ఉండొచ్చు, కప్లింగ్ కెపాసిటరు లీకు. పెన్సిల్‌తో తట్టితే టింగుమనే వాల్వు మైక్రోఫోనిక్, మార్చుకోవాలి, ఎడమది కుడికి మారిస్తే శబ్దం కూడా మారిందా అని చూస్తే వాల్వుదో కాదో తెలుస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో సాకెట్ కాళ్లు తొందరగా నల్లబడతాయి, చిటపటలు దాని వల్లే ఎక్కువ, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి కాళ్లు కొంచెం బిగించాలి. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి రాగానే బుర్‌ర్‌మంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు, ఆంప్ తప్పు కాదు. పాత ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు సగంలో ఉంటే కూడా అంతే, ఫ్యాను ఆపి వినండి. టుక్ టుక్ టుక్ అని వచ్చేది పక్కనున్న మొబైల్ ఫోను. భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాళ్లు ఒకప్పుడు బెంగళూరులో తయారుచేసిన ఈఎల్84, ఈసీసీ83 లాంటివి పాత రేడియో మెకానిక్కుల దగ్గర ఇప్పటికీ డబ్బాల్లో దొరికితే తీసుకోండి, చాలా మంచి వాల్వులు, హమ్ వస్తోందని వెంటనే వాల్వుల మీద అనుమానపడి వేలకి వేలు పోసి విదేశీవి తెప్పించుకోకండి.

ఇక అసలు మన ఇళ్లలో ఎర్త్ ఉందా అన్నది. త్రీ పిన్ సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదండి. పాత ఇళ్లలో పై కన్నం వెనక వైరే ఉండదు, ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. పూర్వం బొగ్గు, ఉప్పు వేసి గుంత పెట్టించి ఎండాకాలంలో దాంట్లో బిందెడు నీళ్లు పోసేవాళ్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆ గుంత ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. ఇంకా ఘోరం ఏంటంటే కొందరు ఎర్త్ వైరు లేక సాకెట్ వెనకే న్యూట్రల్‌ని ఎర్త్ కన్నానికి కలిపేస్తారు, టెస్టరు పెడితే అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్, గ్రైండరు, ఆంప్ అన్నిటి రేకుల మీదికీ ఫేజు వచ్చేస్తుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పరీక్ష చేయించుకుని, 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) పెట్టించుకోండి, వాల్వుల సెట్టు ధరతో పోలిస్తే అదేమంత పెద్ద ఖర్చు కాదు. ఆర్‌సీసీబీ పెట్టాక ఆంప్ ఆన్ చేస్తే ట్రిప్ అవుతుంటే ఆర్‌సీసీబీని తిట్టకండి, ఆంప్‌లో లీకేజీ ఉంది, వెతకండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉన్న హెచ్‌టీ తగిలితే ఆర్‌సీసీబీ కాపాడదు, అక్కడ మన జాగ్రత్తే దిక్కు.

ఇంట్లో కట్టుకునే పిల్లల్ని భయపెట్టాలని ఇదంతా రాయలేదు. ఈ పని చేసినవాడికి కరెంటంటే ఏంటో చేత్తో తెలుస్తుంది, ఏ కాలేజీ ల్యాబులోనూ అంత తెలియదు. కట్టండి, కానీ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి, కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి, వాల్వులు వేడెక్కి ఒక నిమిషం అయ్యాక అవుట్‌పుట్ మీద డీసీ లేదని మీటరుతో చూసుకున్నాకే హెడ్‌ఫోన్ గుచ్చాలి, అదీ ముందు చవక హెడ్‌ఫోన్, తలకి పెట్టుకోకుండా టేబులు మీద పెట్టి.

ఎడిటర్ గారూ, మీకు రెండు విన్నపాలు. మీ ఆదివారం సంచికలో సైన్సుకి ఇచ్చే చోటులో ఇలాంటి చేతిపని గురించి అప్పుడప్పుడు రాయించండి, రాయగల పాత రేడియో మెకానిక్కులు, పాలిటెక్నిక్ మేష్టార్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. రెండోది, జిల్లా పేజీల్లో కరెంటు షాక్‌తో చనిపోయినవాళ్ల వార్తలు వస్తుంటాయి, మోటారు ఆన్ చేస్తుండగా, కూలర్‌లో నీళ్లు పోస్తుండగా అని రాసి, పోలీసులు కేసు నమోదు చేశారు అనేదాంతో ఆపేస్తారు. ఆ ఇంట్లో ఎర్త్ ఉందా, ఆర్‌సీసీబీ ఉందా, ప్లగ్గులో మూడో పిన్ను ఉందా, ఈ మూడు ప్రశ్నలు మీ విలేకరులు అడిగి, వచ్చిన జవాబు ఆ వార్తలోనే ఒక లైనుగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ